ఆకు పట్టినోడు, లొట్టి వంచినోడు

కరీంనగర్ పల్లెల తాటివనాల్లో కల్లు తాగడమంటే ఆకు పట్టడమే. తాటాకును దొప్పలా మడిచి, రెండు చేతులతో నోటికి ఆనించుకోవాలి. ఇక లొట్టి వంచే చెయ్యి ఇంకొకరిదే కావాలి. ఎంత మొనగాడైనా తనకు తాను పోసుకోలేడు. వంచేవాడి చూపు తాగేవాడి గొంతు మీదే ఉంటుంది. గుటక ఆగిందంటే ధార ఆగాలి, లేకుంటే పొలమారుతుంది. నోటినిండా కల్లుండగా "సాలు మామా" అనడం ఎట్లా? కన్ను చూసి కనిపెట్టాల్సిందే. ఎదుటిమనిషికి ఎంత కావాలో అడగకుండానే తెలుసుకునే ఈ విద్య నాకు చాలా ఇష్టం.

పైగా కల్లు దాచుకుంటే నిలవదు. పొద్దున తియ్యగా దిగింది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. పోతుతాడైనా, పండుతాడైనా, ఈతచెట్టయినా అంతే. దించిన పూటే పదిమంది తాగాలి. దారిన పోయేవాణ్ని "రా బావా, ఓ ఆకు పట్టు" అని పిలిచే మా అలవాటు అక్కణ్నుంచే వచ్చిందని నా నమ్మకం. మా దగ్గర ఆడవాళ్లూ ఆకు పడతారు. భూమికి సాక పోశాకే మనుషుల వంతు. ఆదిలాబాద్ గోండుగూడేల్లోనూ ఇప్పసారా మొదట దేవుడికే. దీపావళి రోజుల్లో పొరుగూరి దండారి నృత్య బృందం వస్తే ఊరంతా కలిసి వాళ్లకు తిండీ పడకా చూస్తుంది.

క్వార్టర్ సీసాకు ఇవేవీ అక్కర్లేదు. అది అల్మారాలో ఏడాదైనా ఉంటుంది, మూత తియ్యడానికి ఒక్కడు చాలు. బెల్టుషాపు దగ్గర దోస్తులకు దావత్ ఇచ్చే చెయ్యి ఉదారమైనదని నేను అనలేను. ఆ డబ్బు ఇంట్లో బియ్యానిదో, బిడ్డ ఫీజుదో అయి ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా బంద్ అయ్యింది. వాళ్లు అడిగింది కూడా ఇంటివైపు చూడమనే.

చెట్టు కింద కూర్చున్న మనం చూడని మనిషి ఇంకొకడున్నాడు. మోకు, ముస్తాదులతో పైకెక్కిన గీత కార్మికుడు జారిపడితే ప్రాణం పోవచ్చు, నడుము విరగవచ్చు. కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీని తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో మొదలుపెట్టింది. ఈసారి ఆకు పట్టేముందు మీ ఊరి గౌండ్లాయన్ని అడగండి, కిట్టు అందిందా అని. అందకపోతే ఆయన వెంట ఎక్సైజ్ ఆఫీసుకు నడవండి.