చెవిబాకాలు: వినుటకా, దాచుటకా?

విద్యుత్తుతో పనిచేయు వినికిడి యంత్రములు 1898 ప్రాంతమున వెలువడినవి. అంతకు పూర్వము వినికిడి తగ్గినవారికి ముఖ్యాధారము బాకాలు, గొట్టములు. వీనిని గూర్చి “బాకా ధ్వనిని పెంచును” అని ఒక్క వాక్యముతో ముగించుట కలదు. ఆ మాట సరికాదు. బాకా ధ్వనిశక్తిని సృష్టింపదు; వెడల్పైన నోటితో పట్టి, సన్నని కొనగుండ చెవిలోనికి చేర్చును.

బాకా నోటి వ్యాసము 10 సెం.మీ., చెవి రంధ్రపు వ్యాసము 7 మి.మీ. అనుకొందము. వైశాల్యముల నిష్పత్తి సుమారు 200. కావున శక్తియు 200 రెట్లు చేరునని విద్యార్థి తలచును. కాని 300 హెర్ట్‌జ్ ధ్వని యొక్క తరంగదైర్ఘ్యము 1 మీటరుకు మించును. అంతటి తరంగమును చిన్న బాకా బాగుగా పట్టజాలదు. పైగా లోపలి గాలి కొన్ని స్వరములకే అనునాదము చెందును. అందుచే కొన్ని ధ్వనులు హెచ్చుగాను, కొన్ని మందముగాను వినబడును. వాస్తవముగా కలుగు లాభము సుమారు 10 మొదలు 20 డెసిబెల్ల వరకే. ఏమైనను, పరిమాణమే బాకాకు ప్రాణము.

ఈ కొలబద్దతో ఒక ప్రసిద్ధ పరికరమును పరీక్షింతము. పోర్చుగల్ రాజు ఆరవ జాన్ కొరకు 1819లో లండనునందలి ఎఫ్. సి. రైన్ ఒక సింహాసనమును నిర్మించెను. దాని చేతులు డొల్లగా నుండి, కొనలయందు నోరు తెరచిన సింహపు తలలు గలవు. మాటలాడువారు మోకరిల్లి ఆ నోళ్లలో పలికెడివారు. ధ్వని గొట్టముగుండ రాజు చెవికి చేరెడిది. చూపరులు శిల్పమును మెచ్చుకొందురు. కాని మేలు చేసినది శిల్పము కాదు, సామీప్యము. బహిరంగ ప్రదేశమున 1 మీటరు నుండి 10 సెం.మీ.కు దగ్గరైనచో ధ్వని తీవ్రత 100 రెట్లు, అనగా 20 డెసిబెల్లు, హెచ్చును. దగ్గరకు రమ్మని రాజు అడుగనక్కరలేదు. మర్యాద పేరిట అందరును వచ్చి మోకరిల్లెడివారు. ఆయన చెవుడు రాజగౌరవముగా మారినది.

సామాన్యునకు ఈ సౌకర్యము లేదు. ఆతడు నోరు తెరచి అడుగవలెను. ఆ సంకోచముననే, 19వ శతాబ్దమున విసనకఱ్ఱలలోను, టోపీలలోను, జుట్టు క్రింది తలపట్టీలలోను పరికరములను దాచు పద్ధతి వ్యాపించెను. పనితనము మెచ్చదగినదే, శాస్త్రదృష్టిచే మాత్రము లోపభూయిష్టము. దాచుటకై నోటిని కుదించినచో పట్టు ధ్వని తగ్గును. గొట్టమును వంకరలు త్రిప్పి సన్నగించినచో దారిలో కొంత నష్టమగును. కనబడకుండుటకు చెల్లించిన మూల్యము వినికిడియే.

ఆంగ్ల రచయిత్రి హారియెట్ మార్టినో (1802–1876) దీనికి భిన్నముగా నడచెను. ఆమె బాకాను బహిరంగముగా వాడెను. 1834లో చెవిటివారిని ఉద్దేశించి ఒక లేఖను ప్రకటించెను. పరికరమును దాచక చేత పట్టుట, ఎదుటివానిని దగ్గరకు పిలుచుట: శాస్త్రము చెప్పునదియు ఇదియే.

బాకా అందరకును చాలునని భ్రమపడరాదు. మేల్జెల్ 1812–14 ప్రాంతమున చేసి యిచ్చిన బాకాలున్నను, బీథోవెన్ 1818 నుండి సంభాషణకు నోటు పుస్తకములను ఆశ్రయింపవలసి వచ్చెను.

నేటి యంత్రము గోరంతయై ధ్వనిని నిజముగనే పెంచును. అయినను దూరపు నియమము మారలేదు. తరగతిలో వినికిడి తక్కువైన బాలుడున్నచో, ఉపాధ్యాయుడు మొదట చేయవలసినది గొంతు పెంచుట కాదు. ఆతనిని ముందు బల్లపై కూర్చుండబెట్టుట, అడుగుటకు సిగ్గుపడనక్కరలేదని తెలుపుట.