ఆ అర సెకను వెనక పనితనం

పాస్‌వర్డ్‌లున్న ఫైలును ఎవరైనా దాచిపెడతారు. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ మాత్రం దాన్ని అందరూ చదువుకునేలా వదిలేశారు. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో ఆ ఫైలు తెరిస్తే ప్రతి పేరు పక్కన 13 అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. అసలు పాస్‌వర్డ్ ఎక్కడా ఉండదు.

ఆ గజిబిజి తయారీలోనే ఉంది నేర్పంతా. పాస్‌వర్డ్‌లోని మొదటి 8 అక్షరాల నుంచి తలా 7 బిట్లు తీసుకుంటే 56 అవుతాయి. డీఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి కావలసిన కీ సరిగ్గా అంతే. ఆ కీతో 64 సున్నాలను 25 సార్లు వరసగా ఎన్‌క్రిప్ట్ చేశారు. అన్నిసార్లు ఎందుకంటే, అంతకుముందరి పద్ధతి మరీ చురుకైనది: పీడీపీ-11/70 కంప్యూటర్ మీద ఒక్కో ఊహను 1.25 మిల్లీసెకన్లలో సరిచూసేయొచ్చు. ఆ చురుకు దొంగకే లాభం. అందుకే కావాలని నెమ్మది చేశారు.

పైగా 12 బిట్ల సాల్ట్, అంటే ఒక యాదృచ్ఛిక సంఖ్య, కలిపారు. దాంతో ఒకే పాస్‌వర్డ్ 4096 రూపాల్లో ఏదైనా కావచ్చు. నిఘంటువు మొత్తాన్ని ముందే ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకున్నవాడి శ్రమ అన్ని రెట్లు పెరుగుతుంది. ఈ సాల్ట్ డీఈఎస్ లోపలి పట్టికనే అటూఇటూ మారుస్తుంది కనుక, బజారులో దొరికే డీఈఎస్ చిప్‌లూ అక్కరకు రావు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఓ చిన్న దిద్దుబాటు. మొదట్లో లాగిన్ అయ్యేటప్పుడు లేని పేరు కొడితే తిరస్కారం వెంటనే వచ్చేది. ఉన్న పేరైతే ఎన్‌క్రిప్షన్ వల్ల అర సెకను ఆలస్యమయ్యేది. ఆ తేడాను బట్టి ఏ పేర్లున్నాయో ఇట్టే పసిగట్టొచ్చు. అది గమనించి, పేరు లేకపోయినా ఎన్‌క్రిప్షన్ జరిగేలా మార్చారు. ఎందుకూ పనికిరాని లెక్కను కేవలం సమయం సరిపోవడానికి చేయించడం ఎంత ముందుచూపు!

తాళం ఎంత గట్టిదైనా మనుషుల అలవాటు వాళ్లకు తెలుసు. పోగుచేసిన 3289 పాస్‌వర్డ్‌లలో 2831 సులువుగా దొరికిపోయేవేనని తమ వ్యాసంలో రాశారు. థాంప్సన్ సొంత పాస్‌వర్డ్ మాత్రం చదరంగపు ఎత్తు: పి/క్యూ2-క్యూ4!. అది 2019లో గానీ బయటపడలేదు, అదీ కొత్తకాలపు గ్రాఫిక్స్ కార్డు రోజుల తరబడి వెతికితే.

56 బిట్ల డీఈఎస్‌కు కాలం చెల్లింది. సాల్ట్, కావాలని పెట్టిన ఆలస్యం మాత్రం 1999లో వచ్చిన పాస్‌వర్డ్ పద్ధతి బీక్రిప్ట్‌లోనూ ఉన్నాయి, నేటికీ వాడుకలో ఉన్నాయి.