శవం నవ్వించినప్పుడు: జాంబీ హాస్య చిత్రాలు, శరీర పునరుత్థానం – ఒక విమర్శనాత్మక పరిశీలన

జాంబీ చిత్రాల గూర్చి దైవశాస్త్ర పత్రికలో వ్యాసమెందుకని కొందరు చదువరులు ప్రశ్నించవచ్చును. సమాధులలోనుండి లేచిన శవాలు బ్రతికినవారిని కొరికి తినడం, వాటిని గొడ్డళ్లతో, రంపాలతో ముక్కలు చేయడం, తెరంతా రక్తం చిమ్మడం, అది చూసి ప్రేక్షకులు పొట్ట పట్టుకొని నవ్వడం – ఇదీ ఈ చిత్రాల స్వరూపం. మన సంఘాలలో వీటిపట్ల రెండు వైఖరులున్నవి. ఇది దురాత్మల పని గనుక చూడరాదనేది ఒకటి. పిల్లల కాలక్షేపం, పట్టించుకోనక్కరలేదనేది రెండవది. ఈ రెండూ ఒక ప్రశ్నను దాటవేస్తున్నవని మా అభిప్రాయం. కుళ్లిన శరీరాన్ని చూసి మనిషి ఎందుకు నవ్వుతాడు? శరీర పునరుత్థానాన్ని విశ్వాస ప్రమాణంలో పలికే ప్రజలు ఈ ప్రశ్నను ఇతరులకు వదలివేయలేరు.

మనుష్యులను తినే ఆధునిక జాంబీ జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’తో పుట్టింది. అందులో నవ్వుకు చోటు లేదు. 1978లో ఆయనే తీసిన ‘డాన్ ఆఫ్ ది డెడ్’లో శవాలు అలవాటు కొద్దీ షాపింగ్ మాల్‌లో తిరుగుతుంటే నవ్వు మొదలైంది. 1985లో డాన్ ఒబానన్ ‘ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’, 1987లో శామ్ రైమీ ‘ఈవిల్ డెడ్ 2’ ఆ నవ్వును ముందుకు తెచ్చాయి. (రైమీ చూపినవి దయ్యం పట్టిన దేహాలే గాని జాంబీలు కావని వాదించేవారున్నారు, ఆ వాదన ఇక్కడ అవసరం లేదు.) ఈ తరహాకు పరాకాష్ఠ మాత్రం 1992లో న్యూజీలాండ్‌లో పీటర్ జాక్సన్ తీసిన ‘బ్రెయిన్‌డెడ్’. తరువాత ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తీసిన జాక్సన్ ఈయనే.

కథ 1957 నాటి వెల్లింగ్టన్ నగరంలో జరుగుతుంది. లయనెల్ అనే యువకుడిని తల్లి వీరా తన కొంగున కట్టివేసుకుంది. జంతుప్రదర్శనశాలలో ఎలుక, కోతి కలిసినట్లున్న ఒక జంతువు ఆమెను కరుస్తుంది. శరీరం కుళ్లడం మొదలవుతుంది. అయినా ఆమె దిగులంతా మహిళా సంక్షేమ సంఘం పెద్దలు భోజనానికి వస్తున్నారనే. ఊడివస్తున్న ముఖచర్మాన్ని కుమారుడు జిగురుతో అతికిస్తాడు. బల్ల దగ్గర ఆమె పుండు చిట్లి అతిథి కస్టర్డ్‌లో పడుతుంది. అతడు తెలియక రుచిగా తింటాడు. ఆమె చెవి ఊడి ఆమె గిన్నెలోనే పడితే దానిని చెంచాతో తీసి నమిలి మ్రింగుతుంది. ఎవరూ బల్ల విడిచి లేవరు.

ఈ దృశ్యంలో చీముకంటె ఎక్కువగా నవ్వించేది మర్యాద. ఇల్లు కుళ్లిపోతున్నా పరువు నిలవాలి. లయనెల్ ఆ తరువాత శవాలన్నిటినీ నేలమాళిగలో దాచి, మత్తుసూదులు గుచ్చి, కుర్చీలలో కూర్చోబెట్టి అన్నం తినిపిస్తాడు. నేలమాళిగ లేని కుటుంబాన్ని మా పరిచర్యలో మేము అరుదుగా చూశాము. మెక్‌గ్రూడర్ అనే పాదిరి సమాధుల మధ్య కరాటే వీరునివలె గాలిలో ఎగిరి శవాలను తన్నే ఘట్టం కూడా ఉన్నది. కాపరులకు చూపితే మొదట నవ్వేది వారేనని మా అనుమానం. ఆ పాదిరే జాంబీగా మారి శవమైన నర్సుతో బిడ్డను కనే భాగం మాత్రం మాకు రుచించలేదు. అక్కడ నవ్వు దేనినీ బయటపెట్టదు, దర్శకుని ధైర్యాన్ని తప్ప.

పతాక సన్నివేశంలో లయనెల్ గడ్డికోసే యంత్రాన్ని ఎదురుగా పట్టుకొని శవాల గుంపులోకి నడుస్తాడు. చివరకు ఇల్లంత ఎత్తు పెరిగిన తల్లి కడుపు తెరచి కుమారుని తిరిగి లోపలికి లాగుకొంటుంది. తన తండ్రిని నీళ్లలో ముంచి చంపింది ఆమేనన్న సత్యాన్ని ఆమె ముఖం మీదనే చెప్పిన తరువాత జరిగేది ఇది. అతడు ఆ కడుపును చీల్చుకొని రక్తంతో తడిసి బయటికి వస్తాడు. నీకొదేము ప్రభువును అడిగిన ప్రశ్నను (యోహాను 3:4) జాక్సన్ అక్షరాలా తెరకెక్కించాడు. తెలిసి చేశాడా లేదా అన్నది వేరే సంగతి. క్రొత్త జన్మను గూర్చి ప్రసంగించేవారు అందులోని భయాన్ని ఇంతగా ఎన్నడైనా చెప్పారా?

నవ్వుకు కారణాలను విమర్శకులు ఇదివరకే వివరించారు. నోయెల్ కారల్ 1999లో వ్రాసిన వ్యాసం ప్రకారం భీతి, హాస్యం రెండూ హద్దులు చెరిగిన రూపాలనుండే పుడతాయి. అపాయం తీసివేస్తే అదే రూపం నవ్విస్తుంది. రాబ్లే రచనలపై మిఖాయిల్ బఖ్తీన్ గ్రంథం (1965) ఇంకా లోతుకు వెళ్తుంది. తినే, విసర్జించే, కనే, చచ్చే శరీరాన్ని చూసి జాతరలో జనం నవ్వితే గొప్పవారి దర్పం కూలుతుందంటాడు. ‘బ్రెయిన్‌డెడ్’ భోజనబల్లకు ఈ మాట చక్కగా సరిపోతుంది.

తెలుగు సంఘ చరిత్ర తెలిసినవారు ఇక్కడ ఆగవలసియున్నది. చచ్చిన పశువును ఊరి బయటకు ఈడ్చుట, తోలు ఒలుచుట, చావుకు డప్పు కొట్టుట – ఈ పనులను కులం పేరిట సమాజం దళితుల మెడకు కట్టింది. మన సంఘాలలో అనేకులు వారి సంతానమే. కుళ్లు వారి పెద్దలకు వెట్టిగా వచ్చింది, వేడుకగా కాదు. దానిని ఎత్తిపోయవలసిన పని లేనివాని నవ్వునుబట్టి బఖ్తీన్ చెప్పిన విడుదలను అందరికీ వర్తింపజేయలేము.

క్రైస్తవ్యానికి ఈ నవ్వు క్రొత్తదేమీ కాదు. మధ్యయుగాలనుండి జర్మను ప్రాంతాలలో ఈస్టరు ప్రసంగంలో పాదిరులు మోటు హాస్యంతో సంఘాన్ని నవ్వించేవారు. 1518లో ఒకొలంపాడియస్ దీనిని ఘాటుగా విమర్శించాడు. ఆయన విమర్శలో న్యాయమున్నది. అయితే మరణాన్ని ఎగతాళి చేయడం పౌలు కూడా ఎరుగును (1 కొరింథీ 15:55). యోహాను సువార్త లాజరు సమాధి కంపును దాచలేదు (11:39). యెహెజ్కేలు 37వ అధ్యాయంలో ఎముకలమీద నరములు, మాంసం, చర్మం వచ్చిన తరువాత కూడా వాటిలో జీవాత్మ లేదని 8వ వచనం చెప్పుచున్నది. జాంబీ ఆ 8వ వచనం దగ్గర ఆగిపోయిన మనిషి.

మన భూస్థాపన ప్రసంగాలు తరచుగా దీనికి వ్యతిరేక దిక్కున ఆగిపోతాయి. శరీరం ఒట్టి గూడు, పక్షి ఎగిరిపోయింది, ఇక గూటితో పనిలేదని చెప్పి ఓదార్చుతాము. ఇది పౌలు బోధకంటె ప్లేటో బోధకు దగ్గర. ఆస్కర్ కుల్‌మన్ 1955లో హార్వర్డ్ ఉపన్యాసంలో ఈ తేడానే ఎత్తిచూపాడు. సినిమా ఆత్మలేని శరీరాన్ని చూపుతుంటే మనం శరీరంలేని ఆత్మను ప్రకటిస్తున్నాము. మొదటిది అబద్ధమని దానిని చూసే పిల్లవాడికి తెలుసు, అందుకే నవ్వుతాడు. రెండవది అబద్ధమని పెట్టె దగ్గర ఏడ్చే తల్లికి ఎవరు చెప్పాలి?

ఈ చిత్రాలలో మాకు నిజంగా ఆందోళన కలిగించేది రక్తం కాదు. ఎదుటివాడు మనిషి కాడని ముందే తీర్మానం జరిగితే గాని ఈ నవ్వు సాధ్యం కాదు. జాంబీ పుట్టినిల్లు హెయితీ. ఫ్రెంచివారి చెరకు తోటలలో ఆఫ్రికా బానిసలు అనుభవించిన నరకమే, చచ్చినా పనినుండి విడుదల లేదనే ఆ నమ్మకానికి నేపథ్యం. 1929లో విలియం సీబ్రూక్ పుస్తకం, 1932లో ‘వైట్ జాంబీ’ చిత్రం దానిని అమెరికా వినోదంగా మార్చాయి. రొమేరో 1968 చిత్రంలో రాత్రంతా పోరాడి బ్రతికిన నల్లజాతి నాయకుణ్ణి తెల్లవారగానే గాలింపు దళం జాంబీ అనుకొని కాల్చివేస్తుంది. మన తెలుగులో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ (2021) ఈ ఆటను కర్నూలు ఫ్యాక్షన్ ఇంటికి తెచ్చింది. వేటకొడవళ్లను వీరత్వంగా చూపిన చిత్రాలకంటె వాటిని చూసి నవ్వించిన చిత్రం మేలనిపించింది గాని, నరికేది శవాలనే గనుక కొడవలికి మచ్చ అంటలేదు.

ఎడ్గర్ రైట్ తీసిన ‘షాన్ ఆఫ్ ది డెడ్’ (2004) ఈ విషయంలో ఎక్కువ నిజాయితీ గలది. ఉదయం దుకాణానికి వెళ్లివచ్చే షాన్ వీధిలోని జాంబీలను గమనించడు. నిన్నటి మనుష్యులు కూడా అలాగే నడిచారు మరి. కరవబడిన తన తల్లిని అతడే కాల్చవలసి వచ్చినప్పుడు చిత్రంలో నవ్వు నిలిచిపోతుంది. ముగింపులో మిగిలిన జాంబీలను సూపర్‌మార్కెట్‌లో బండ్లు నెట్టే కూలీలుగా పెట్టుకుంటారు. షాన్ స్నేహితుడు ఎడ్ పెరటి కొట్టంలో కూర్చొని వీడియో ఆట ఆడుతుంటాడు. అతనిని గొలుసుతో కట్టియుంచారు. దర్శకుడు దానిని హాస్యంగానే తీశాడు, మేమూ నవ్వాము.