జోడీ కుదిర్చే పనితనం

పాట బాగా వినిపించడం లేదంటే చాలామంది ఎక్కువ వాట్ల యాంప్లిఫయర్ కొనేస్తారు. మంచి ఆడియో మెకానిక్ మాత్రం ముందు స్పీకర్ వెనక రాసింది చదువుతాడు. అసలు పనితనం అక్కడే ఉందంటాను. 50 వాట్లు 100 అయితే పెరిగేది 3 డెసిబెల్సే. తేడా తెలుస్తుంది గానీ శబ్దం రెట్టింపైనట్టు వినిపించదు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె, 87 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ తీసి 90 ఉన్నది పెడితే, పాత యాంప్లిఫయర్‌తోనే ఆ 3 వచ్చేస్తాయి. ఇంకో సంగతి, 8 ఓమ్‌లని రాసిన స్పీకర్ కూడా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4 ఓమ్‌ల దాకా దిగిపోవచ్చు. అప్పుడు కావలసినంత కరెంటు ఇవ్వలేని యాంప్లిఫయర్ వేడెక్కుతుంది, మృదంగం తొప్పి మీద పడిన దెబ్బలో బరువు తగ్గుతుంది.

పవర్ ఎక్కువైతే స్పీకర్ కాలిపోదా అని అడుగుతారు. శక్తికి మించి వాయిస్తే కాలుతుంది, నిజమే. కానీ చిన్న యాంప్లిఫయర్ వాల్యూమ్ చివరిదాకా తిప్పినప్పుడు పైకొనలు తెగిపోయి వచ్చే సిగ్నల్ కూడా ట్వీటర్‌ను కాల్చేస్తుంది. ఈ లెక్కలెందుకు, చెవి చాలదా అనేవాళ్లూ ఉన్నారు. చివరి తీర్పు చెవిదే. అయితే కాస్త గట్టిగా మోగేదే మేలనిపించడం చెవికి అలవాటు. అందుకే తెలిసిన మెకానిక్ రెండు యాంప్లిఫయర్ల శబ్దాన్నీ సమానం చేశాకే పోల్చి వినిపిస్తాడు. యాంప్లిఫయర్ మార్చేముందు మీ స్పీకర్ వివరాలు అలాంటివాడికి చూపించండి, బాగా తెలిసిన పాట పెట్టించుకుని వినండి.