పొట్ట చూసి గాలి కొట్టకండి

రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ వీధుల్లో టాక్సీ పక్కనే సైకా ఆగి ఉంటుంది. అంటే పక్కన సీటు కట్టిన సైకిలు. రెండింటి కిందా నల్ల రబ్బరే కానీ లోపలి అల్లిక వేరు.

సైకా టైరులో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి. మన లారీవాళ్లు నైలాన్ టైరు అనేదీ ఇదే కట్టు. నులక మంచం మీద ఓ మూల కూర్చుంటే అల్లికంతా లాగుకుంటుంది చూడండి, బరువు పడ్డప్పుడు ఈ టైరూ అంతే. పక్క వంగితే నేలను తాకే భాగమూ మెలిపడుతుంది, పొరలు ఒరుసుకుని వేడెక్కుతాయి, చక్రం బరువుగా దొర్లుతుంది. వందేళ్ల కిందట రంగూన్‌లో చేతిరిక్షాలు లాగినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. చక్రం ఎంత బరువుగా దొర్లుతుందో ఒంటితో తెలుసుకున్న మనుషులు వాళ్లు.

టాక్సీది రేడియల్ టైరు. అందులో దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు, బండి పోయే దిక్కుకు అడ్డంగా తిన్నగా సాగుతాయి. వాటిపైన చుట్టూ ఉక్కుతీగల పట్టీలు ఉంటాయి. మిషెలిన్ కంపెనీ 1946లో దీనికి పేటెంట్ తీసుకుంది. ఇందులో పక్కల పని వంగడం, పట్టీల పని నేలను తాకే రబ్బరును చదునుగా నిలపడం. అందుకే వేడి తక్కువ, పెట్రోలు ఆదా, అరుగుదలా నెమ్మది. ఇంత సూటైన ఆలోచన యంత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది నాకు.

నా బాధంతా గాలి దగ్గరే. పక్కలు మెత్తన కాబట్టి సరిపడా గాలి ఉన్నా రేడియల్ కింద కాస్త పొట్ట కనిపిస్తుంది. నైలాన్ టైర్ల మీద చెయ్యి తిరిగినవాళ్లు అది చూసి, పొట్ట పోయేదాకా కొడతారు. అప్పుడు టైరు నడిమి భాగమే నేలకు ఆని అరుగుతుంది, ఇక్కడి వానాకాలంలో బ్రేకు వేస్తే పట్టు దొరకదు. పొట్ట మామూలేనని వదిలేసినా ముప్పే. గాలి తగ్గితే అంచులు అరుగుతాయి, పక్క వేడెక్కి పగులుతుంది. కంటినీ, కాలితో తన్ని చూడటాన్నీ నమ్మొద్దు. పొద్దున్నే, బండి కదలకముందు గేజీ పెట్టాలి.

ఎంత కొట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె గరిష్ఠం, దాన్ని పట్టుకోకూడదు. రంగూన్‌లో తిరిగే కార్లు ఎక్కువగా జపాన్‌లో వాడినవి. వాటి స్టిక్కర్లు కిలోపాస్కల్స్‌లో చెబుతాయి, గాలి కొట్టే కుర్రాడు పౌండ్లలో అడుగుతాడు. 220 అని ఉంటే దాదాపు 32 పౌండ్లు.

టైరు కొనేటప్పుడు సైజులో ‘ఆర్’ అక్షరం ఉందో లేదో చూడండి. ఉంటే రేడియల్. ఒకే ఇరుసు మీద రెండు రకాలూ ఎప్పుడూ కలపొద్దు. రోడ్డును అవి పట్టుకునే తీరు వేరు, మలుపులో బండి పక్కకు లాగేస్తుంది. ఒకే బండికి రెండు రకాలూ తప్పనిసరైతే రేడియల్స్ జత వెనక ఇరుసుకే ఉండాలి.