చెమ్మ గోడ ఎవరిది?

పెచ్చులూడిన గోడని దగ్గర నుంచి తీసి నైరూప్య చిత్రంగా చూపించడంలో పేరుపడ్డవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్ (1903-1991). 1930లలో న్యూయార్క్ ఫోటో లీగ్‌లో ఉండి హార్లెం నల్లజాతి జనం బతుకుని తీసినవాడే, 1940లలో మనుషుల్ని వదిలి గోడల మీదికి పోయాడు. 1949 నాటి 'జెరోమ్, అరిజోనా'లో చిట్లి చుట్టుకుపోయిన రంగు పెచ్చులు తప్ప ఇంకేం లేదు. బొమ్మ గొప్పదే, కాదనను. కానీ జెరోమ్ రాగి గనుల ఊరు. 1953లో గనులు మూతబడ్డాయి. ఆ గోడకి రంగేసిందెవరో, మళ్లీ ఎందుకు వెయ్యలేదో చట్రం బయటే ఉండిపోయింది.

ఇదే చూపుతో కైకలూరు వస్తే? కొల్లేటి చుట్టూ పల్లంలో ఉన్న మన పేటల్లో, చేపల చెరువుల పక్క గోడలకి పునాది నుంచి చెమ్మ ఎక్కుతుంది. ఆరినప్పుడు ఉప్పు పొంగుతుంది. సున్నం ఉబ్బి రాలుతుంది, అడుగున నాచు పడుతుంది. కెమెరాకి పండగే! ఇంటామెకి మాత్రం అది క్రిస్మస్‌కి మళ్లీ సున్నం కొనాల్సిన లెక్క. శిథిలాన్ని అందమనే తీరిక ఆ గోడవార పడుకునేవాళ్లకి లేదు.

అట్లాగని గోడలు తియ్యొద్దనడం లేదు. పొరమీద పొరగా ఉన్న ఆ నీలిమందు సున్నం ఆడవాళ్ల శ్రమ చరిత్ర, అందులో అందమూ ఉంది. రెండడుగులు వెనక్కి జరిగి తియ్యమంటున్నా. గడప కనబడాలి, చెమ్మ గీత ఎంతెత్తుకి ఎక్కిందో కనబడాలి, వెనక చెరువు గట్టు కనబడాలి. సిస్కిండ్ కనీసం ఊరి పేరూ సంవత్సరమూ రాశాడు. మనవాళ్లు 'మౌనం' అని పేరు పెట్టి సరిపెడుతున్నారు.