కాకినాడ నేర్పిన మాట: ఎస్వీ రంగారావు పాత సినిమాలు మళ్ళీ చూస్తే

ఎస్వీ రంగారావు నటన దేనితో తయారైందో తెలుసుకోవాలంటే ముందు సావిత్రిని చూడాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్ళికూతురి స్థానంలో కూర్చుంటాడు. కనిపించే మనిషి సావిత్రి, మనకు స్ఫురించాల్సిన మనిషి రంగారావు. సిగ్గుపడుతున్న ఆడపిల్ల ఉన్నట్టుండి ఛాతీ విరుచుకుంటుంది. అడుగులో బరువు వస్తుంది. ఆమె కాలు తొక్కితే లక్ష్మణ కుమారుడు, అంటే రేలంగి, లబోదిబోమంటాడు. సావిత్రి ఎంత గొప్ప పరిశీలకురాలో ఆ ఘట్టం చెబుతుంది. నాకు అంతకన్నా ఎక్కువే చెబుతుంది. ఒక నటుడి నడకను, నిలబడే తీరును, చూపును విడదీసి మరో శరీరంలో పెట్టినా ప్రేక్షకుడు గుర్తుపట్టాడంటే, ఆ నటుడు వాటిని అంత స్పష్టంగా తీర్చిదిద్దుకున్నాడన్నమాట. రంగారావుది ఒడ్డూ పొడుగూ తెచ్చిపెట్టిన దర్జా మాత్రమే అనేవాళ్ళకు నా మొదటి సమాధానం ఇదే. ఆంగికం ఆయనకు పుట్టుకతో రాలేదు, సాధనతో వచ్చింది.

ఆ సాధనలో పెద్ద పాలు కాకినాడది. 1918 జూలై 3న నూజివీడులో పుట్టిన సామర్ల వెంకట రంగారావు మద్రాసులోనూ ఏలూరులోనూ విశాఖపట్నంలోనూ చదువుకుని, కాకినాడ పి.ఆర్. కళాశాలలో బి.ఎస్సీ. చేశారు. ఊళ్ళో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని నాటకాల సంఘం ఉండేది. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి, సంగీతం కట్టే ఆదినారాయణరావు, రేలంగి వెంకట్రామయ్య, వీళ్ళందరికీ అదే బడి. రంగారావు అక్కడ తెలుగు నాటకాలతో పాటు షేక్‌స్పియర్ నాటకాల్లోనూ వేషాలు కట్టారు. ఆ తర్వాత అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసినా, జంషెడ్‌పూర్‌లో టాటా కంపెనీలో పనిచేసినా మనసు మాత్రం వేదిక మీదే ఉండిపోయింది.

గోదావరి తీరానికి షేక్‌స్పియర్ కొత్తవాడేమీ కాదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చాక, కందుకూరి వీరేశలింగం తానూ నాటకాలు రాసి తన విద్యార్థుల చేత ఆడించారు. వాటిలో ‘చమత్కార రత్నావళి’ షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు తెలుగు రూపం. అంటే ఈ డెల్టాలో ఆధునిక నాటకం మొదలైన రోజుల్లోనే పద్యం లేకుండా, మాట మీద మాట పేర్చి కథ నడిపే పద్ధతికి విత్తనం పడింది. దాని పక్కనే పద్యనాటకం మహావృక్షమై ఎదిగింది. హార్మోనియం, రాగాలాపన, వన్స్‌మోర్లు, ఒకే పద్యం మూడుసార్లు పాడించుకునే జనం. ఆ వైభవాన్ని నేను తక్కువ చేయను. పద్యానికి కళ్ళు మూసుకుని తలలూపిన తరాలు మనవి. అయితే తొలి తెలుగు టాకీలు ఆ గాయక నటులనే తెర మీదికి తెచ్చాయి కాబట్టి, వాటిలో పాత్ర మాట్లాడుతున్నప్పుడు కూడా పాట కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. రంగారావు రెండో దారిలో, వచనం దారిలో వచ్చినవారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఆయన సినిమాలన్నీ కొత్తగా వినిపిస్తాయి.

కాకినాడకు సినిమా దారి వేసిన మనిషి సి. పుల్లయ్య. కలకత్తా వెళ్ళి 1933లో ‘సతీ సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీశారు. రేలంగిని 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కించారు. అంజలీదేవిని 1947లో ‘గొల్లభామ’తో జనంలోకి తెచ్చారు. రంగారావు మాత్రం బి.వి. రామానందం తీసిన ‘వరూధిని’లో ప్రవరుడిగా అడుగుపెట్టారు. ఆ సినిమా ఆడలేదు. 1950లో ఎల్.వి. ప్రసాద్ ‘షావుకారు’లో సున్నం రంగడనే పల్లెటూరి రౌడీ వేషం దొరికాక గానీ ఆయన మాట జనం చెవిన పడలేదు.

ఆ మరుసటి ఏడే ‘పాతాళభైరవి’. కె.వి. రెడ్డి దర్శకత్వంలో నేపాళ మాంత్రికుడు. ఆనాటికి రంగారావుకు ముప్పై రెండేళ్ళు. ఇక్కడ కాసేపు ఆగి వినాలి. వేదిక మీద నటుడి కష్టం ఒకటే: మైకు సరిగ్గా లేని ఊళ్ళో ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా మాట అందాలి. అందుకే గొంతు పెద్దది చేస్తారు, అచ్చులు సాగదీస్తారు, చేతులు బారలు చాస్తారు. సినిమాలో మైకు ముఖం పక్కనే ఉంటుంది, కెమెరా కంటిలో నీటి పొరను కూడా పట్టేస్తుంది. రంగస్థలం నుంచి వచ్చిన చాలామంది ఈ రెంటి మధ్యా నలిగారు. కొందరు తెర మీద కూడా ఆఖరి వరసకే అరిచారు. కొందరు భయపడి మాటనే చప్పగా చేసుకున్నారు. రంగారావు గొంతులోని పెద్దతనాన్ని వదులుకోలేదు, ఖర్చు పెట్టడం మాత్రం నేర్చుకున్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరిని నిలబెట్టి, తలుపు ఎత్తినంత మేరకే కాలవకు వదిలినట్టు, మాట వెనకాల ఉన్న బలమంతా కనిపిస్తూ మాట మాత్రం కొలతగా వస్తుంది. మాంత్రికుడు తోటరాముణ్ణి ‘డింభకా’ అని పిలిచినప్పుడు ఆ పిలుపులో లాలన వినిపిస్తుంది. బలి ఇవ్వబోయే మనిషిని మురిపెంగా పిలవడంలోనే భయం ఉంది. అరిచి ఉంటే తోటరాముడు నమ్మేవాడు కాదు, మనమూ నమ్మేవాళ్ళం కాము.

ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో లారెన్స్ ఒలీవియర్ ఇదే చిక్కు విప్పుతున్నారు. 1944 నాటి ‘హెన్రీ ద ఫిఫ్త్’లో రాజు సైనికులకు ధైర్యం చెప్పే ఘట్టంలో, గొంతు పెరుగుతున్నకొద్దీ కెమెరాను దూరంగా జరిపించారు. 1948 ‘హామ్లెట్’లో ప్రసిద్ధమైన స్వగతాన్ని కొంతమేర పెదవి కదపకుండా మనసులోని మాటగా వినిపించారు. ఆ రెండు సినిమాలకూ ఆయనే దర్శకుడు గనుక కెమెరాను తనకు కావలసిన చోట పెట్టుకోగలిగారు. మన రంగారావు చేతిలో ఆ రోజుల్లో కెమెరా లేదు. దగ్గరికీ దూరానికీ సరిపడేలా గొంతునే జరుపుకోవాలి. జరుపుకున్నారు.

1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘నర్తనశాల’ ఈ విద్యకు శిఖరం. కీచకుడు మనకు పాత నాటకాల నుంచీ తెలిసిన పాత్ర. దక్షిణాదిలో నటరాజ మొదలియార్ తీసిన మొదటి మూకీ చిత్రం కూడా ‘కీచకవధ’మే. మోటు కాముకుడిగా ఆడేస్తే తేలికగా చప్పట్లు పడే వేషం అది. రంగారావు కీచకుడికి తొందర లేదు. అతను విరాటుడి బావమరిది, రాజ్యం తన భుజాల మీద నిలబడిందని ఎరిగినవాడు. కనురెప్పలు సగం వాలి ఉంటాయి, నడకలో మత్తుంటుంది, మాట వెన్నలా జారుతుంది. సైరంధ్రిని చూసిన క్షణం నుంచీ ఆ మత్తులోకి ఆకలి ఎలా చేరుతుందో గమనించండి. సైరంధ్రి వేషంలోని సావిత్రి ముఖంలో భయం కన్నా ముందు అసహ్యం పుట్టడానికి కారణం ఎదుటివాడి ఈ నెమ్మదే. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఈ పాత్రకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మన భాష, మన భారతకథ తెలియని న్యాయనిర్ణేతలు కూడా ఆ కళ్ళను చదవగలిగారు.

పద్యాల సంగతి వేరేగా చెప్పాలి. తెర మీద ఆయనకు గొంతు ఇచ్చింది ఎక్కువగా మాధవపెద్ది సత్యం. పాడేది ఒకరు, ఊపిరి తీసేది మరొకరు. పెదవులు కలిపితే చాలదు. రాగం పైకి వెళ్ళేటప్పుడు మెడ నరం బిగియాలి, పాదం ముగిసేచోట ఛాతీ దిగాలి, లేకపోతే పద్యం అరువు సొమ్మని తెలిసిపోతుంది. ‘వివాహభోజనంబు’ పాటలో ఎవరు పాడుతున్నారన్న ప్రశ్నే మనకు రాదు. ఎదురుగా గంగాళాలు ఖాళీ అవుతుంటే, వంటకాలు గాలిలో లేచి నోట్లో పడుతుంటే, ఆ నవ్వూ ఆ నమలడమూ ఆ పాటా ఒకే పొట్టలోంచి వస్తున్నట్టుంటాయి. మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయ అందులో సగమే. నిజంగా రుచి చూస్తున్న మనిషి ముఖం లేకపోతే ఆ ట్రిక్కులు ఏనాడో పాతబడేవి.

ఇక తండ్రులు. ‘మిస్సమ్మ’ వచ్చేనాటికి ఆయనకు నలభై కూడా నిండలేదు, అందులో పెళ్ళీడు కూతురున్న జమీందారు. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో ఎన్టీ రామారావుకూ అక్కినేని నాగేశ్వరరావుకూ తండ్రి. రామారావు ఆయన కన్నా అయిదేళ్ళే చిన్న. తెల్ల జుట్టు, శాలువా, చేతికర్ర ఆహార్యం కిందికి వస్తాయి, వాటితో వయసు రాదు. ఆయన వయసును నిదానంలో చూపించారు. ఎదుటివాళ్ళ మాట పూర్తిగా విని, ఒక క్షణం ఆగి, ఆ తర్వాత జవాబు చెప్పే పెద్దమనిషిని మన లోగిళ్ళలో చూసినవాళ్ళకు ఆ ఆగడం తెలుసు. వినడం కూడా నటనే అని నాటకాల్లో గురువులు చెబుతారు. తెలుగు సినిమాలో దాన్ని ఇంత బాగా చేసి చూపించిన వాళ్ళు నాకు ఎక్కువమంది కనిపించరు.

హ్యాపీ క్లబ్ మిత్రులు తర్వాత తెర మీద కలుసుకున్న సినిమాలను వరసగా చూడడం ఒక ప్రత్యేకమైన ఆనందం. 1955 ‘అనార్కలి’లో అంజలీదేవి అనార్కలి, రంగారావు అక్బరు, సంగీతం ఆదినారాయణరావు. 1967 ‘భక్త ప్రహ్లాద’లో అంజలీదేవి లీలావతి, రంగారావు హిరణ్యకశిపుడు. ఆ రెండో సినిమాలో చిన్నారి రోజారమణికి శిక్షలు వేస్తున్నప్పుడు రాక్షసుడి వెనకాల తండ్రి ఎప్పుడెప్పుడు తొంగిచూస్తాడో కనిపెట్టి చూడాలి. చక్రవర్తిగా మాట విసిరేస్తాడు, ఆ మాట బిడ్డ మీద పడేలోపు కళ్ళు వెనక్కి లాక్కోబోతాయి. సాత్వికాభినయం అంటే ఏమిటని అడిగే విద్యార్థికి నేనైతే పుస్తకం ఇవ్వను, ఈ సినిమా చూపిస్తాను.

అందరూ పౌరాణికాల దగ్గర ఆగిపోతారు గానీ, నాకు అన్నిటికన్నా దగ్గరైన రంగారావు ‘బంగారు పాప’లో కోటయ్య. జార్జ్ ఎలియట్ అనే ఆంగ్ల రచయిత్రి 1861 నాటి నవల ‘సైలాస్ మార్నర్’ దీనికి ఆధారం. దర్శకుడు బి.ఎన్. రెడ్డి. దాన్ని తెలుగు కథగా మలిచినవారు ‘గాలివాన’ రాసిన పాలగుమ్మి పద్మరాజు, పశ్చిమగోదావరి మనిషి. పాటలు పిఠాపురం వైపు వారైన దేవులపల్లి కృష్ణశాస్త్రివి. ఇంగ్లీషు పల్లెటూరి కథ గోదావరి వాళ్ళ చేతుల్లో పడి ఎంత మన కథ అయిపోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జైలు నుంచి పగతో తిరిగొచ్చిన మొరటు మనిషికి ఓ దిక్కులేని పసిపాప దొరుకుతుంది. ఆ తర్వాత కథంతా అతని చేతుల్లో జరుగుతుంది. బిడ్డను ఎత్తుకోవడం తెలియని చేతులవి. పెద్ద పెద్ద అరచేతులు ముందు బిగుసుకుంటాయి, కొంత దూరం పోయాక వాటంతటవే వంగడం నేర్చుకుంటాయి. ఘటోత్కచుడిగా గద తిప్పిన శరీరం, కీచకుడిగా మీసం దువ్విన శరీరం వాటికన్నా ముందే ఇక్కడ తనను తాను చిన్నది చేసుకుని చూపించింది. జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచిన ఈ సినిమాను ఇప్పటివాళ్ళు ఎందుకో తలుచుకోరు. ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దారు, సంతోషమే. ‘బంగారు పాప’కు రంగులు అక్కర్లేదు, శుభ్రమైన ప్రింటూ స్పష్టమైన శబ్దమూ ఉంటే చాలు.

రంగారావు 1974 జూలై 18న కన్నుమూశారు. తాడేపల్లిగూడెంలో 2019లో చిరంజీవి ఆవిష్కరించిన కంచు విగ్రహం ఉంది. విగ్రహానికి నమస్కారం పెట్టి ఊరుకోకుండా, ఆ మాట తీరు తర్వాత ఎవరికి అందిందో కూడా చూడాలి. కాకినాడ ప్రాంతం నుంచే వచ్చిన రావు గోపాలరావు ‘కీర్తిశేషులు’ నాటకంలో నటిస్తుండగా చూసి, సినిమాల వైపు దారి చూపింది రంగారావే. 1975లో బాపు ‘ముత్యాలముగ్గు’లో, ధవళేశ్వరం వాడైన ముళ్ళపూడి వెంకటరమణ రాసిన మాటలను కాంట్రాక్టరు వేషంలో రావు గోపాలరావు ఎలా పలికాడో వినండి. విలన్ గొంతు ఎత్తడు. గోదావరి యాసలో, తీరిగ్గా, ఆకు వక్క నములుతున్నంత తాపీగా దుర్మార్గం మాట్లాడతాడు. నాటకం నేర్చుకుంటున్న పిల్లలుంటే ‘పాతాళభైరవి’నీ దీన్నీ ఒకదాని వెంట ఒకటి వేసి వినిపించండి. మాంత్రికుడు ఎక్కడ ఆగాడో, కాంట్రాక్టరు ఎక్కడ ఆగాడో కాగితం మీద గుర్తు పెట్టుకోమనండి. ఆ తర్వాత వాళ్ళ చేతే ఆ మాటలు గొంతు పెంచకుండా చెప్పించండి.